పరిమిత హేతుబద్ధత: మేధాశక్తి హద్దుల్లో మనిషి నిర్ణయాలు

సమాచారం, మేధాశక్తి, సమయం అనే మూడు హద్దుల లోపల మనిషి చేయగలిగిన సహేతుకమైన ఎంపికను పరిమిత హేతుబద్ధత అంటారు. ఎదుట ఉన్న మార్గాలన్నీ ఎవరికీ ఒకేసారి కనబడవు. కనబడిన మార్గాల ఫలితాలన్నీ ముందుగా తెలియవు. తెలిసిన మేరకైనా అన్నిటినీ పోల్చి చూసే తీరికా ఓపికా ఉండవు. ఇలాంటి స్థితిలో మనుషులు ఎలా నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాలు ఎక్కడ నిలబడతాయి, ఎక్కడ దెబ్బతింటాయి అన్నవి ఈ భావన పరిధిలోకి వచ్చే ప్రశ్నలు. అమెరికా శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ (1916–2001) దీన్ని ప్రతిపాదించారు. ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, పాలనాశాస్త్రం, కృత్రిమ మేధ దీన్ని తమతమ అవసరాలకు తగినట్టు విస్తరించుకున్నాయి.

నిర్వచనం, పరిధి

ఇక్కడ మేధాశక్తి పరిమితి అంటే బుద్ధిమాంద్యం కాదు, చదువు లేకపోవడమూ కాదు. ఆరోగ్యవంతులు, విద్యావంతులు, తమ రంగంలో ఆరితేరినవారు సహా మనుషులందరికీ ఉండే సహజమైన హద్దు ఇది. వీలునామా రాయడానికో, ఒప్పందం చేసుకోవడానికో ఒక వ్యక్తికి తగిన మానసిక సామర్థ్యం ఉందా లేదా అని న్యాయస్థానాలు విచారించే విషయం వేరు.

పరిమిత హేతుబద్ధతను హేతురాహిత్యంతో కలిపేయకూడదు. ఈ సిద్ధాంతం చెప్పే మనిషికి లక్ష్యం ఉంది, దానికోసం ఆలోచన ఉంది. ఆ ఆలోచన ఎంత దూరం వెళ్లగలదన్న దగ్గరే హద్దు ఉంది. జనసామాన్యంలోకి వెళ్లిన రచనల్లో ఈ తేడా తరచూ చెరిగిపోయి, మనిషి మెదడు తప్పుల పుట్ట అన్న అభిప్రాయం మిగులుతోంది. సైమన్ రచనలు ఆ అభిప్రాయాన్ని బలపరచవు.

చరిత్ర
(చూ. ప్రయోజన సిద్ధాంతం, పాలనాశాస్త్రం)

అనిశ్చితిలో ఎంపికను గణితంతో వివరించే ప్రయత్నం డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన వ్యాసం నాటికే కనిపిస్తుంది. జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ 1944లోనూ, లెనర్డ్ శావేజ్ 1954లోనూ దానికి పటిష్ఠమైన రూపం ఇచ్చారు. వీరి సిద్ధాంతంలోని మనిషికి ఎదుట ఉన్న మార్గాలన్నీ తెలుసు. ప్రతి ఫలితానికీ ఎంత సంభావ్యత ఉందో, దానివల్ల తనకెంత ప్రయోజనమో లెక్కగట్టగలడు. ఆ లెక్కలో అన్నిటికంటే మిన్నగా తేలినదాన్ని ఎంచుకుంటాడు.

సైమన్ ఈ చిత్రాన్ని సందేహించడానికి కారణం ఒక మునిసిపల్ వ్యవహారం. షికాగో విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా 1935లో ఆయన సొంత ఊరు మిల్వాకీలో ఆటస్థలాల నిర్వహణను పరిశీలించారు. స్థలాల మరమ్మతులకు ఎంత, అక్కడ పిల్లల కార్యక్రమాలు నడిపేవారికి ఎంత అన్న బడ్జెట్ పంపకంపై రెండు విభాగాల మధ్య పేచీ ఉండేది. అదనంగా పెట్టే ప్రతి డాలరు ఏ వైపు ఎక్కువ మేలు చేస్తుందో చూసి పంచాలని ఆర్థికశాస్త్రం చెబుతుంది. అక్కడి అధికారుల్లో ఎవరూ ఆ లెక్క వేయడం లేదు, వేయడానికి కావలసిన సమాచారమూ లేదు. ఎవరి విభాగం లక్ష్యాన్ని బట్టి వారు వాదిస్తున్నారు. లెక్క వేయలేని చోట మనుషులు ఎలా నిర్ణయిస్తారన్న ప్రశ్న ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

1947లో వచ్చిన ఆయన గ్రంథం 'అడ్మినిస్ట్రేటివ్ బిహేవియర్' సంస్థల్లో నిర్ణయాలు జరిగే తీరును విశ్లేషించింది. 1955, 1956లలో రాసిన రెండు వ్యాసాలు సిద్ధాంతానికి పునాది వేశాయి. 1957 నాటి 'మోడల్స్ ఆఫ్ మ్యాన్' సంపుటితో పరిమిత హేతుబద్ధత అన్న పేరు స్థిరపడింది. ఇదే కాలంలో ఆలెన్ న్యూవెల్, క్లిఫ్ షాలతో కలిసి ఆయన కంప్యూటర్ చేత గణిత సిద్ధాంతాలను నిరూపింపజేసే ప్రోగ్రామ్ తయారుచేశారు. 1975లో న్యూవెల్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మేధాశక్తి హద్దులు
(చూ. స్మృతి, అవధానం, చదరంగం)

మొదటి హద్దు తక్షణ స్మృతి. ఆలోచన సాగుతున్నంతసేపూ మనసులో నిలిపి ఉంచుకోగల అంశాలు చాలా తక్కువ. జార్జ్ మిల్లర్ 1956లో ఈ సంఖ్య ఇంచుమించు ఏడని, అటూ ఇటూ రెండు తేడా ఉండొచ్చని రాశారు. నెల్సన్ కోవన్ 2001లో చేసిన సమీక్ష దాన్ని నాలుగు దగ్గరకు తగ్గించింది. ఇక్కడ అంశం అంటే విడి అంకె, విడి అక్షరం కానక్కర్లేదు. అర్థవంతంగా కలిసిన గుత్తి ఏదైనా ఒక్క అంశమే. పది అంకెల మొబైల్ నంబరును ఐదైదుగా విడగొట్టి చెప్పడం ఇందుకే తేలిక.

గుత్తులు కట్టే శక్తి అనుభవంతో పెరుగుతుందని చదరంగం పరిశోధనలు చూపాయి. డచ్ మనస్తత్వవేత్త ఆడ్రియన్ డి గ్రూట్ 1940లలో మొదలుపెట్టిన పరిశీలనలను విలియం చేజ్, సైమన్ 1973లో ముందుకు తీసుకెళ్లారు. నిజమైన ఆటలోని ఒక స్థితిని ఐదు సెకన్లు చూపించి తీసేస్తే, మేటి ఆటగాడు కొత్తవాడికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పావులను మళ్లీ వాటి గళ్లలో పెట్టగలిగాడు. అవే పావులను ఇష్టమొచ్చినట్టు చెదరగొట్టి చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. మేటి ఆటగాడి స్మృతి విశాలమైంది కాదని, అతడు బల్లమీద చూసేవి విడివిడి పావులు కావని వారు నిర్ధారించారు. నిపుణత హద్దును తొలగించదు. ఆ హద్దులో పట్టే సరుకును పెంచుతుంది.

రెండో హద్దు అవధానం, అంటే దేనిమీద దృష్టి నిలుపుతామన్నది. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 24 మంది రేడియాలజిస్టులను ఊపిరితిత్తుల స్కాన్ చిత్రాల్లో కణుతులు వెతకమన్నారు. చివరి చిత్రాల్లో సగటు కణితికి 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను చొప్పించారు. 20 మందికి అది కనబడలేదు. వారిలో చాలామంది చూపు సరిగ్గా ఆ చోటిమీదే ఆగిందని కంటి కదలికల నమోదు తెలిపింది.

మూడోది గణన హద్దు. చదరంగంలో సాధ్యమయ్యే ఆటల సంఖ్య 1 పక్కన 120 సున్నాలు పెట్టినంత ఉంటుందని క్లాడ్ షానన్ 1950లో అంచనా వేశారు. నియమాలన్నీ తెలిసిన, దాపరికం ఏదీ లేని ఆటలోనే అన్ని మార్గాలనూ పరిశీలించడం యంత్రానికైనా సాధ్యం కాదు. నియమాలే మారిపోయే వ్యాపారంలో, వైద్యంలో, సేద్యంలో పరిస్థితి ఇంకా కఠినం.

తృప్తికర ఎంపిక

ఈ హద్దుల్లో మనిషి అత్యుత్తమాన్ని వెతకడని, తన అవసరానికి చాలినదాన్ని వెతుకుతాడని సైమన్ వాదించారు. మనిషి ముందుగా ఒక ఆశాస్థాయి పెట్టుకుంటాడు. మార్గాలను ఒకదాని తర్వాత ఒకటి పరిశీలిస్తాడు. ఆ స్థాయిని అందుకున్న మొదటి మార్గం దగ్గర వెతుకులాట ఆపుతాడు. అద్దె ఇల్లు వెతికేవారు ఊళ్లోని ఖాళీ ఇళ్లన్నీ చూసి పట్టిక వేయరు. ఇంత అద్దెలోపు, ఇంత దూరంలోపు, నీటి ఇబ్బంది లేకుండా అనుకుంటారు. అలాంటిది దొరకగానే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఎన్ని చూసినా దొరక్కపోతే ఆశాస్థాయి తగ్గుతుంది, ఇట్టే దొరికితే పెరుగుతుంది. జర్మన్ ఆర్థికవేత్త రైన్‌హార్డ్ సెల్టెన్ ఈ సర్దుబాటును విడి సిద్ధాంతంగా అభివృద్ధి చేశారు.

హేతుబద్ధతను కత్తెరతో పోల్చుతూ సైమన్ 1990లో దానికి రెండు అలుగులు ఉన్నాయన్నారు. ఒకటి మనిషి మేధాశక్తి, రెండోది అతడు పనిచేసే పరిసరం. ఒక్క అలుగును చూసి కత్తెర ఎలా కోస్తుందో చెప్పలేం. ఈ రంగంలో తర్వాత సాగిన వివాదాల్లో పెద్ద భాగం ఈ రెండో అలుగును ఎంత లెక్కలోకి తీసుకోవాలన్న దానిమీదే నడిచింది.

బండగుర్తులు: రెండు దృక్పథాలు
(చూ. నష్టభీతి, సంభావ్యత)

పూర్తి లెక్క వేయలేని చోట మనసు వాడే సులువైన సూత్రాలను బండగుర్తులు అనవచ్చు. శాస్త్ర రచనల్లో వీటిని హ్యూరిస్టిక్స్ అంటారు.

ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ 1974లో 'సైన్స్' పత్రికలో మూడు బండగుర్తులను వర్ణించారు. ఒకటి పోలిక: ఒక మనిషి ఏదైనా వర్గానికి నమూనాలా కనిపిస్తే ఆ వర్గంవాడే అనుకోవడం. రెండోది తలపు: తేలిగ్గా గుర్తుకొచ్చే సంఘటన తరచూ జరుగుతుందనుకోవడం. మూడోది లంగరు: ముందుగా వినబడిన అంకెకు అంచనా కట్టుబడిపోవడం. లంగరు ప్రయోగంలో ఒక చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమన్నారు. చక్రం మీద 10 చూసినవారి మధ్యగత అంచనా 25 శాతం, 65 చూసినవారిది 45 శాతం. ప్రశ్నకూ చక్రానికీ ఏ సంబంధమూ లేదు.

వీరిద్దరే 1981లో చెప్పే తీరు ప్రభావాన్ని చూపారు. 600 మంది ప్రాణాలు ప్రమాదంలో ఉన్న వ్యాధిని ఊహించుకోమన్నారు. 200 మంది తప్పక బతుకుతారన్న మార్గాన్ని 72 శాతం కోరుకున్నారు. అదే మార్గాన్ని 400 మంది తప్పక చనిపోతారన్న మాటల్లో చెబితే 78 శాతం దాన్ని వదిలి, ఫలితం తేలని మార్గం వైపు మొగ్గారు. కానమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. ట్వెర్‌స్కీ 1996లోనే మరణించారు.

జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగరెంజర్, ఆయన సహచరులు 1990ల నుంచి ఇంకో వైపు నిలిచారు. బండగుర్తు లోపం కాదని, తగిన పరిసరంలో అది సంక్లిష్టమైన లెక్కకంటే మెరుగైన జవాబు ఇవ్వగలదని వీరి వాదం. శాన్ డియాగో, శాన్ ఆంటోనియో నగరాల్లో ఏది పెద్దదని అడిగితే అమెరికా విద్యార్థుల్లో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువమంది సరిగ్గా చెప్పారు. జర్మన్ విద్యార్థులు అందరూ సరిగ్గా చెప్పారు. ఎక్కువమంది జర్మన్లు శాన్ డియాగో పేరు మాత్రమే విన్నారు. పేరు విన్న నగరమే పెద్దదై ఉంటుందన్న బండగుర్తు వారికి పనికొచ్చింది. రెండూ తెలిసిన అమెరికన్లకు ఆ వీలు లేకపోయింది. పేరు వినబడటానికీ పరిమాణానికీ సంబంధం లేని చోట ఇదే సూత్రం తప్పుదారి పట్టిస్తుందని గిగరెంజర్ వర్గమూ అంగీకరిస్తుంది.

అనుభవజ్ఞుల సహజజ్ఞానాన్ని గ్యారీ క్లైన్ 1980ల నుంచి పరిశోధించారు. అగ్నిమాపక దళాల నాయకులు మంటల దగ్గర రెండు మూడు మార్గాలను పోల్చి చూడటం అరుదని, ఎదుట ఉన్న స్థితిని తెలిసిన నమూనాగా గుర్తుపట్టి తోచిన మొదటి మార్గాన్ని మనసులోనే నడిపి చూసుకుంటారని ఆయన గమనించారు. కానమన్, క్లైన్ కలిసి 2009లో రాసిన వ్యాసం సహజజ్ఞానాన్ని నమ్మడానికి రెండు షరతులు పెట్టింది. పరిసరంలో పట్టుకోదగిన క్రమం ఉండాలి. తన అంచనా తప్పో ఒప్పో మనిషికి త్వరగా, స్పష్టంగా తెలిసిరావాలి.

కొరత, మనసు మీది భారం
(చూ. పేదరికం)

డబ్బు చాలని స్థితి ఆలోచనలో కొంత భాగాన్ని ఆక్రమిస్తుందని, మిగతా విషయాలకు మేధాశక్తి తక్కువపడుతుందని ఒక వాదం ఉంది. ఆనంది మణి, సెందిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జయింగ్ జావో 2013లో దీనికి ఆధారంగా తమిళనాడు చెరకు రైతుల అధ్యయనాన్ని చూపారు. 464 మంది రైతులకు కోతకు ముందు, కోత తర్వాత అవే రకం పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బు ఆడని కోతముందు రోజుల్లో స్కోర్లు తగ్గాయి. మిల్లులు వేర్వేరు రైతులకు వేర్వేరు నెలల్లో కోత తేదీలు ఇస్తాయి కాబట్టి దీన్ని వాతావరణం, పండుగల ప్రభావం అని కొట్టేయడానికి వీల్లేదు.

ఈ ఫలితం ఎంత దూరం వర్తిస్తుందన్నది తేలలేదు. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవారిని జీతం రోజుకు ముందూ తర్వాతా పరీక్షించిన అధ్యయనం (2016) అలాంటి తేడాను కనుగొనలేదు. నెలలో కొన్ని రోజుల ఇబ్బంది, ఏడాదికి ఒక్కసారి వచ్చే పంట డబ్బుకోసం ఎదురుచూపు ఒకే రకం భారం కాకపోవచ్చు.

మహబూబ్‌నగర్ వర్షబీమా

మేధాశక్తి హద్దులు క్షేత్రంలో ఎలా పనిచేస్తాయో చూపే ఉదాహరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దొరుకుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లంబార్డ్ కలిసి 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వర్షపాత సూచీ బీమా ప్రారంభించాయి. ఈ పాలసీలో పంట నష్టాన్ని ఎవరూ వచ్చి చూడరు. నిర్దేశించిన వర్షమాపక కేంద్రంలో, పంటకాలంలోని ఒక్కో దశలో నమోదైన వాన ఇన్ని మిల్లీమీటర్లకు తగ్గితే ఇంత పరిహారం అన్న లెక్క ఉంటుంది. క్లెయిమ్ వివాదాలకు తావులేని ఏర్పాటే. కానీ రైతు వానను కొలిచేది మిల్లీమీటర్లలో కాదు. పదును ఎంత లోతు దిగింది, అరక కట్టవచ్చా లేదా అని చూస్తాడు.

జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ విక్రీ తదితరులు ఈ పాలసీని ఎవరు కొన్నారు, ఎవరు కొనలేదని పరిశీలించారు. కొనని కారణాల్లో పాలసీ అర్థం కాకపోవడం ఒకటి. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో జరిగిన తర్వాతి ప్రయోగాల్లో అంతకంటే ముఖ్యమైన సంగతి బయటపడింది. మిల్లీమీటర్ల లెక్కను రైతులకు విడమరచి చెప్పిన చిన్న పాఠం అమ్మకాలను పెద్దగా పెంచలేదు. ఊరివారు ఎరిగిన, నమ్మిన సంస్థ ప్రతినిధి పక్కన నిలబడి మంచిదని చెబితే కొనుగోళ్లు పెరిగాయి. కొనే సమయానికి చేతిలో కొంత నగదు ఉండటం కూడా గట్టి ప్రభావం చూపింది. అర్థం చేసుకోవడం కష్టమైన చోట రైతు చెప్పేవాడిని చూసి నిర్ణయించాడు. దీన్ని అజ్ఞానం అనడం సరికాదు. పట్టణ వినియోగదారులు బీమా షరతుల పుస్తకాన్ని చదవకుండా ఏజెంటు మాటమీద సంతకం పెట్టడమూ ఇదే కోవలోది.

ఓటరు, ఎన్నికల గుర్తు
(చూ. ఎన్నికలు, నిజామాబాద్)

ఒక్క ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం అతి స్వల్పం కనుక అభ్యర్థుల గురించి లోతుగా తెలుసుకునే శ్రమ ఓటరుకు గిట్టదని ఆంథొనీ డౌన్స్ 1957లో వాదించారు. పార్టీ పేరు, తెలిసినవారి అభిప్రాయం వంటి గుర్తులతో ఓటరు తగినంత సరైన నిర్ణయానికి రాగలడని తర్వాతి పరిశోధకులు చెప్పారు.

భారత ఎన్నికల వ్యవస్థ 1951–52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచే ఈ అవసరాన్ని గుర్తించి, చదువురాని ఓటర్లకోసం గుర్తులను ప్రవేశపెట్టింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీలో నిలిచారు. పసుపు, ఎర్రజొన్న ధరల సమస్యను దేశం దృష్టికి తేవడానికి నామినేషన్లు వేసిన రైతులే వారిలో అత్యధికులు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 గడులే ఉంటాయి కాబట్టి ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అన్ని పేర్లను చదివి పోల్చి ఓటేయమనడం అసాధ్యం. గుర్తును వెతుక్కోవడమే అక్కడ ఓటరుకు మిగిలిన దారి.

అధిక ఎంపికలు, అలసట

షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఒక దుకాణంలో ఒకసారి 24 రకాల జామ్, ఇంకోసారి 6 రకాలు రుచికి పెట్టారు. 24 రకాల బల్ల దగ్గర ఆగినవారిలో 3 శాతం, 6 రకాల దగ్గర ఆగినవారిలో 30 శాతం కొన్నారు. పదేళ్ల తర్వాత ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. వస్తువుల మధ్య తేడాలు సంక్లిష్టంగా ఉన్నప్పుడు, కొనేవారికి తమకేం కావాలో ముందుగా స్పష్టత లేనప్పుడు ఎంపికల సంఖ్య భారమవుతుందని 2015 నాటి సమీక్ష వివరించింది.

నిర్ణయాలు తీసుకుంటూ పోతే మనసు అలసిపోతుందన్న వాదానికి ఇజ్రాయెల్ పెరోల్ బోర్డుల అధ్యయనం (2011) ప్రసిద్ధ ఉదాహరణ. విరామం తర్వాత దాదాపు 65 శాతం ఉన్న అనుకూల తీర్పులు తర్వాతి విరామం సమీపించేసరికి సున్నా దాకా దిగాయి. కేసులు వచ్చే వరుస యాదృచ్ఛికం కాదని, న్యాయవాది లేని ఖైదీల కేసులు చివరికి వస్తాయని విమర్శకులు ఎత్తిచూపారు. సంకల్పశక్తి ఖర్చయిపోతుందన్న సిద్ధాంతం 2016లో అనేక ప్రయోగశాలలు కలిసి జరిపిన పునఃపరీక్షలో నిలవలేదు. వార్తాపత్రికలు ఇప్పటికీ ఈ రెండు ఫలితాలను తిరుగులేని సత్యాలుగా రాస్తున్నాయి కాబట్టి ఈ సంగతి నొక్కి చెప్పవలసి ఉంది.

సంస్థలు, ఆర్థిక సిద్ధాంతం

నిత్యవిధానాలు, అధికార శ్రేణి, పని విభజన వంటివి ఒక్కో ఉద్యోగి మీది ఆలోచన భారాన్ని తగ్గించే ఏర్పాట్లని సైమన్, జేమ్స్ మార్చ్ 1958లో వివరించారు. చార్లెస్ లిండ్‌బ్లోమ్ 1959లో ప్రభుత్వ విధానాలు ఉన్నదానికి చిన్న చిన్న మార్పులుగా నడుస్తాయని చూపారు. భవిష్యత్తులో రాగల ప్రతి స్థితినీ ఒప్పందంలో రాసుకోలేమన్న గమనింపు మీద ఆలివర్ విలియమ్‌సన్ లావాదేవీ వ్యయాల సిద్ధాంతం నిలిచింది. క్రిస్టఫర్ సిమ్స్ 2003లో అవధానాన్ని పరిమిత వనరుగా తీసుకుని గణిత నమూనా కట్టారు. దాని ప్రకారం మనుషులు తమకు ఎక్కువ తేడా పడే విషయాలమీదే దృష్టి ఖర్చుచేస్తారు.

ఆచరణలో వినియోగం, వివాదాలు
(చూ. విమానయానం, శస్త్రచికిత్స, ప్రజావిధానం)

స్మృతి హద్దుకు అత్యంత సరళమైన మందు చెక్‌లిస్టు. 1935 అక్టోబరు 30న బోయింగ్ మోడల్ 299 విమానం పరీక్షా ప్రయాణంలో కూలిపోయింది. నేలమీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా వేసే తాళాన్ని అనుభవజ్ఞులైన పైలట్లు తీయడం మరిచిపోయారు. ఆ తర్వాతే రాతపూర్వక చెక్‌లిస్టులు పైలట్ల నిత్యకృత్యమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించగా మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి, సమస్యలు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రులకు దీన్ని తప్పనిసరి చేశాక గుర్తించదగిన తగ్గుదల కనిపించలేదని 2014 అధ్యయనం చెప్పింది. కాగితం మీద టిక్కులు పెట్టడానికీ, బృందమంతా ఆగి ఒకరినొకరు అడిగి సరిచూసుకోవడానికీ ఉన్న దూరమే ఈ తేడాకు కారణమని పలువురి అభిప్రాయం.

రెండో మార్గం ఎంపికల అమరికను మార్చడం. రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ 2008లో దీనికి నడ్జ్ అన్న పేరు పెట్టారు. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ ఉద్యోగులను పొదుపు పథకంలో ముందే చేర్చి, ఇష్టంలేనివారు తప్పుకోవచ్చన్నప్పుడు చేరికలు గణనీయంగా పెరిగాయని 2001 నాటి పరిశోధన తెలిపింది. అయితే చాలామంది కంపెనీ నిర్ణయించిన 3 శాతం పొదుపు దగ్గరే ఆగిపోయారు. అంతకుముందు సొంతంగా చేరినవారు ఎక్కువ శాతం దాచుకునేవారు. డిఫాల్ట్‌ను, అంటే ముందే పెట్టి ఉంచే ఎంపికను, నిర్ణయించేవారి మీద పడే బాధ్యత ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. భారత ప్రభుత్వ ఆర్థిక సర్వే 2018–19 ఈ ఆలోచనకు ఒక అధ్యాయం కేటాయించింది.

నడ్జ్ పౌరుణ్ణి ఒప్పించకుండా నడిపిస్తుందని గిగరెంజర్ తదితరులు అభ్యంతరం చెబుతారు. గణాంకాలను శాతాల్లో కాక వెయ్యిమందిలో ఇంతమంది అన్న లెక్కలో చెబితే వైద్యులూ రోగులూ బాగా అర్థం చేసుకుంటారని, అలా జనం సొంత సామర్థ్యాన్ని పెంచడం మేలని వీరి మాట. ఫలితాల పరిమాణం మీదా చర్చ నడుస్తోంది. స్టెఫానో డెల్లావీన్యా, ఎలిజబెత్ లినోస్ 2022లో లెక్కించిన ప్రకారం పత్రికల్లో ప్రచురితమైన నడ్జ్ ప్రయోగాల సగటు ప్రభావం 8.7 శాతాంశాలు. అమెరికాలో ప్రభుత్వాల తరఫున పనిచేసే రెండు పెద్ద నడ్జ్ విభాగాల ప్రయోగాలన్నిటినీ, విఫలమైనవాటితో సహా కలిపి చూస్తే అది 1.4 శాతాంశాలే. మంచి ఫలితాలే ప్రచురణకు నోచుకోవడం ఈ తేడాకు ముఖ్య కారణమని వారు తేల్చారు.